జట్టుకు ఊరి పేరుంటే చాలదు: సూరత్ తెలుగువారికి ఐర్లాండ్ ఆటల పాఠం

సూరత్: 2030 శతాబ్ది కామన్వెల్త్ క్రీడల ఆతిథ్య హక్కు అహ్మదాబాద్‌కు దక్కింది. 2025 నవంబర్ 26న గ్లాస్గోలో జరిగిన కామన్వెల్త్ స్పోర్ట్ సర్వసభ్య సమావేశం ఈ నిర్ణయాన్ని ఆమోదించింది. ఆతిథ్య దేశం కొత్తవో సంప్రదాయమైనవో గరిష్ఠంగా రెండు క్రీడలను ప్రతిపాదించే వెసులుబాటు ఉండటంతో కబడ్డీ, ఖోఖోలపై చర్చ సహజంగానే మొదలైంది. 2036 ఒలింపిక్స్ నిర్వహణకు ఆసక్తి తెలుపుతూ భారత్ 2024 అక్టోబర్ 1న లేఖ సమర్పించింది. 2025 జులై 1న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ క్రీడా విధానం దేశీయ క్రీడల పునరుజ్జీవనాన్ని తన లక్ష్యాలలో ఒకటిగా పేర్కొంది. అంతర్జాతీయ వేదికలపై దేశీయ క్రీడల భవిష్యత్తు మునుపెన్నడూ లేనంత ఆశాజనకంగా కనిపిస్తోంది.

అయితే వేదిక మీద ఆట వెలగడం వేరు, వీధిలో ఆట బతకడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలవడానికి అహ్మదాబాద్‌కు దక్షిణాన సుమారు 260 కిలోమీటర్ల దూరంలోని సూరత్ తగిన నగరం. లక్షలాది వలస కార్మికులు జీవనం సాగించే ఈ వస్త్ర నగరంలో తెలుగువారి ఉనికి దశాబ్దాల నాటిది. కరీంనగర్, వరంగల్, నల్గొండ తదితర ఉమ్మడి జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు నేతపనిని నమ్ముకుని ఇక్కడికి చేరాయి. సూరత్ నగరపాలక సంస్థ విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోందంటే ఆ స్థిరనివాసం ఎంత వేళ్లూనుకుందో అర్థమవుతుంది.

అభిమాని ఎటువైపు?

సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగు యువకుడికి కబడ్డీ అభిమానం ఒక విచిత్రమైన చిక్కును తెచ్చిపెడుతుంది. ప్రొ కబడ్డీ లీగ్‌లో గుజరాత్ జెయింట్స్ ఉంది, తెలుగు టైటాన్స్ ఉంది. ఖోఖో లీగ్ అయిన అల్టిమేట్ ఖోఖోలోనూ గుజరాత్ జెయింట్స్, తెలుగు యోధాస్ ఉన్నాయి. ఒకటి తాను బతుకుతున్న నేల పేరు, మరొకటి తన ఇంటి భాష పేరు. 2023 డిసెంబర్ 2న అహ్మదాబాద్‌లో ప్రొ కబడ్డీ పదో సీజన్ ప్రారంభమైనప్పుడు తొలి మ్యాచ్ సరిగ్గా ఈ రెండు జట్ల మధ్యే జరిగింది. గుజరాత్ 38-32 తేడాతో గెలిచింది. ఖోఖోలో తెలుగు యోధాస్ 2022 ఫైనల్లో ఒడిశా జగర్‌నాట్స్ చేతిలో 45-46తో, ఒక్క పాయింటు తేడాతో ఓడింది. 2024 జనవరిలో చెన్నై క్విక్ గన్స్‌ను 31-26తో ఓడించి గుజరాత్ జెయింట్స్ ఆ టైటిల్‌ను సొంతం చేసుకుంది.

ఇలాంటి ఫలితాలు అభిమానుల మధ్య వాదోపవాదాలకు కావలసినంత సామగ్రిని అందిస్తాయి. కానీ కాస్త లోతుగా చూస్తే ఆ వాదనకు ఆధారమైన పేరే తేలిపోతుంది. 2024లో ప్రొ కబడ్డీ మ్యాచ్‌లు హైదరాబాద్, నోయిడా, పుణె నగరాలకే పరిమితమయ్యాయి. 2025లో విశాఖపట్నం, జైపుర్, చెన్నై, ఢిల్లీలలో జరిగాయి. అంటే గుజరాత్ పేరు మోసే జట్టు వరుసగా రెండు సీజన్లు సొంత రాష్ట్రంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. అల్టిమేట్ ఖోఖో తొలి సీజన్ మొత్తం పుణెలో, రెండో సీజన్ మొత్తం కటక్‌లో సాగింది. అక్కడ తెలుగు జట్టుకైనా, గుజరాత్ జట్టుకైనా సొంత మైదానమన్న మాటే లేదు.

ఆటగాళ్ల విషయమూ అంతే. తెలుగు టైటాన్స్‌కు తొలి సీజన్లలో గుర్తింపు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాసి. ఆ తరువాత వచ్చిన సిద్ధార్థ్ దేశాయ్ మహారాష్ట్రకు చెందినవాడు. 2023 వేలంలో టైటాన్స్ రూ.2.60 కోట్లకు పైగా వెచ్చించి దక్కించుకున్న పవన్ సెహ్రావత్ ఢిల్లీ ఆటగాడు. 2025 నాటికి అతడు తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోయాడు. గుజరాత్ అదే ఏడాది ఇరాన్ ఆటగాడు మహ్మద్‌రెజా షాద్లూయీకి రూ.2.23 కోట్లు చెల్లించింది. ఇందులో తప్పేమీ లేదు. వృత్తి క్రీడాకారుడు తన శ్రమకు తగిన ధర కోరడం న్యాయం. ఒకప్పుడు రైల్వే ఉద్యోగమో పోలీసు ఉద్యోగమో దొరికితే చాలనుకున్న కబడ్డీ ఆటగాడికి ఈ లీగ్ ఆర్థిక గౌరవాన్ని తెచ్చిపెట్టింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ జట్టుకూ జనానికీ మధ్య బంధం వేలంపాటలో దొరకదన్నది కూడా అంతే నిజం.

ఐర్లాండ్ ఎంచుకున్న దారి

ఈ బంధాన్ని మరో విధంగా నిర్మించుకున్న దేశం ఐర్లాండ్. గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ ఆ దేశపు సొంత ఆటలు. రెండింటిలోనూ జట్టుకు 15 మంది. గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టి పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టవచ్చు. హర్లింగ్‌లో చివర వెడల్పుగా ఉండే కర్రతో చిన్న తోలు బంతిని గాలిలోనే కొడుతూ ముందుకు సాగుతారు. బంతి గోల్ వలలో పడితే మూడు పాయింట్లు, అడ్డకర్ర మీదుగా వెళితే ఒకటి. దూరం నుంచి సాధించే స్కోరుకు రెండు పాయింట్లు ఇచ్చే నిబంధనను 2025లో గేలిక్ ఫుట్‌బాల్‌లో ప్రవేశపెట్టారు. మహిళలు ఆడే కమోగీతో కలిపి హర్లింగ్‌కు 2018లో యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ గుర్తింపు లభించింది.

ఈ ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884 నవంబర్ 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో పుట్టింది. బ్రిటిష్ పాలనలో సొంత ఆటలు అంతరించిపోతున్నాయన్న ఆవేదనతో మైఖేల్ క్యూసాక్ తదితరులు దానిని స్థాపించారు. 1920 నవంబర్ 21న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి 14 మందిని బలిగొన్నాయి. మృతుల్లో టిప్పరరీ ఆటగాడు మైఖేల్ హోగన్ ఒకరు. నేడు అదే మైదానంలో 82 వేల మందికి పైగా ప్రేక్షకులు కూర్చోగలరు. ఆల్ ఐర్లాండ్ ఫైనల్ రోజున అది నిండిపోతుంది.

అంత జనం ముందు ఆడే క్రీడాకారులకు జీతం ఉండదు. వారు ఉపాధ్యాయులు, రైతులు, ఉద్యోగులు, విద్యార్థులు. వేలం లేదు, కొనుగోలు లేదు. ఆటగాడు సాధారణంగా తాను పెరిగిన ఊరి క్లబ్‌కు, తన కౌంటీకి ఆడతాడు. దేశంలో 2,200కు పైగా ఉన్న క్లబ్బులు సభ్యులవే. మైదానాలు చాలావరకు వాటి సొంతం. పిల్లలకు శిక్షణ ఇచ్చేవారు, గడ్డి కోసేవారు, టికెట్లు చించేవారు అధికశాతం స్వచ్ఛంద సేవకులే. అందుకే అక్కడి అభిమాని వాదనలో ఆటగాడి ధర ప్రస్తావనకు రాదు. ఫలానా కుర్రాడు ఫలానా ఊరివాడు, అతడి తండ్రి కూడా అదే జట్టుకు ఆడాడు అన్నదే మాటల్లో దొర్లుతుంది.

సముద్రాలు దాటినా తెగని జట్టు

సూరత్ తెలుగువారికి ఐర్లాండ్ అనుభవంలో అన్నిటికన్నా విలువైన భాగం వలసదారుల విషయం. ఐర్లాండ్ కూడా వలసల దేశమే. కరవు, పేదరికం, నిరుద్యోగం లక్షలాది మందిని లండన్‌కు, న్యూయార్క్‌కు, బోస్టన్‌కు తరిమాయి. వెళ్లినవారు వెంట ఆటను తీసుకెళ్లారు. అక్కడ క్లబ్బులు పెట్టుకున్నారు, మైదానాలు సమకూర్చుకున్నారు. 1947లో ఆల్ ఐర్లాండ్ ఫుట్‌బాల్ ఫైనల్‌నే న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో నిర్వహించారు. కావన్ జట్టు కెర్రీని ఓడించిన ఆ మ్యాచ్ వలస ఐరిష్ ప్రజలకు మాతృభూమి ఇచ్చిన గుర్తింపుగా నిలిచిపోయింది.

ఆ గుర్తింపు ఒక్క మ్యాచ్‌తో ఆగలేదు. లండన్ జట్టు 1975 నుంచి, న్యూయార్క్ జట్టు 1999 నుంచి కొనాక్ట్ ప్రాంతీయ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొంటున్నాయి. అంటే వలస వెళ్లినవారి జట్టు స్వదేశపు పోటీల్లో ఒక కౌంటీతో సమానంగా నిలుస్తుంది. 2023 ఏప్రిల్ 8న బ్రాంక్స్‌లోని గేలిక్ పార్క్‌లో న్యూయార్క్ జట్టు పెనాల్టీ షూటౌట్‌లో లీట్రిమ్‌ను ఓడించి ఈ ఛాంపియన్‌షిప్‌లో తన తొలి విజయాన్ని నమోదు చేసింది. అందుకు దాదాపు పాతికేళ్లు పట్టింది. గెలుపు కన్నా అన్నేళ్లూ ఓడుతూ కూడా ఏటా ఆడే అవకాశం నిలిచి ఉండటమే అక్కడ గమనించదగినది.

సూరత్‌లోని తెలుగు కుర్రాడికి ఇలాంటి దారి లేదు. పాఠశాలలో చదివినంత కాలం 2010లో మొదలైన ఖేల్ మహాకుంభ్ వంటి పోటీలు గుజరాత్ క్రీడాకారుడిగా అతడికి తలుపు తెరుస్తాయి. అది సముచితమే. పుట్టిన నేలకు ఆడటం అతడి హక్కు. చదువు ఆపి పనిలో చేరిన నాటి నుంచే చిక్కు మొదలవుతుంది. సిరిసిల్ల నేతన్నలు సాంచాలని పిలిచే మరమగ్గాల మీద సూరత్‌లో 12 గంటల షిఫ్టు సర్వసాధారణం. కూలీ తయారైన బట్ట లెక్కన వస్తుంది కనుక ఆట కోసం వదులుకున్న గంట నేరుగా సంపాదనలో కోత. ఆ దశలో అతడికి ఆటతో మిగిలే సంబంధం ఫోన్ తెరపై మ్యాచ్ చూడటమే. ఆటగాడు అభిమానిగా, అభిమాని ప్రేక్షకుడిగా కుదించుకుపోయే తీరు ఇది.

లోపాలు లేని నమూనా కాదు

ఐర్లాండ్ నమూనాను యథాతథంగా తెచ్చుకోవాలనడం పొరపాటు. గేలిక్ సంఘం తన సభ్యులు క్రికెట్, రగ్బీ, సాకర్ వంటి ఆటలు ఆడటాన్ని, చూడటాన్ని కూడా 1971 వరకు నిషేధించింది. సొంత ఆటను ప్రేమించడానికి పరాయి ఆటను ద్వేషించనక్కర లేదని ఆ సంఘమే చివరికి గ్రహించింది. జీతం లేకుండా వృత్తి క్రీడాకారుడి స్థాయిలో సాధన చేయమనడం న్యాయమేనా అన్న చర్చ అక్కడ ఆగలేదు. యువత డబ్లిన్‌కు, విదేశాలకు తరలిపోవడంతో పల్లె క్లబ్బులకు 15 మంది ఆటగాళ్లు దొరకడం కష్టమవుతోంది. పైగా పేద కుటుంబంలో పుట్టిన భారతీయ క్రీడాకారుడిని ఉచితంగా ఆడమనడం క్రూరమే అవుతుంది. తీసుకోవలసింది జీతం లేని పద్ధతిని కాదు, క్లబ్ సభ్యులదన్న సూత్రాన్ని.

ఆ సూత్రం మన నేలకు కొత్తదీ కాదు. కబడ్డీ, ఖోఖోలు నియమబద్ధమైన క్రీడలుగా రూపుదిద్దుకోవడంలో పుణెలోని డెక్కన్ జింఖానా, ఇదే గుజరాత్‌లోని బరోడా హింద్ విజయ్ జింఖానా వంటి సభ్యుల సంఘాలు కీలక పాత్ర పోషించాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి కబడ్డీని ప్రదర్శించింది. తెలుగు పల్లెల్లో చెడుగుడుకు కావలసిందల్లా గీత గీసిన మట్టి నేలే. వ్యాయామశాల, యువజన సంఘం, కుల సంఘం అనే పాత అల్లికలోనే ఈ ఆటలు పెరిగాయి. ప్రభుత్వ పోటీలు, ప్రైవేటు లీగులు ఆ తరువాత వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 26న ప్రారంభమైన ‘ఆడుదాం ఆంధ్రా’ గ్రామ, వార్డు సచివాలయాల స్థాయిలో కబడ్డీ, ఖోఖో ఆడించింది. అయితే ప్రభుత్వం తెచ్చిన పోటీ ఆ ప్రభుత్వ ఆయుష్షును మించి నిలవడం అరుదు. సభ్యులు పెట్టుకున్న క్లబ్ ప్రభుత్వాలు మారినా ఉంటుంది.

స్థలాభావం సాకు కాదు

ఇరుకైన సూరత్ కార్మిక వాడల్లో మైదానాలెక్కడివన్న ప్రశ్నకు సమాధానం ఆటల కొలతల్లోనే ఉంది. గేలిక్ మైదానం కనీసం 130 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు ఉండాలి. పురుషుల కబడ్డీ కోర్టుకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చాలు. వైశాల్యం లెక్కన ఒక్క గేలిక్ మైదానంలో 80 కబడ్డీ కోర్టులు పడతాయి. పాఠశాల ఆవరణలో ఒక మూల సరిపోయే ఆట ఇది. నగరపాలక సంస్థ తన పాఠశాలల ఆవరణలను బడి వేళల తరువాత వాడలోని క్లబ్బులకు అప్పగిస్తే భూసేకరణ అవసరం రాదు. షిఫ్టులు మారే వేళలకు తగినట్లు సాధన సమయాలు ఉంటే మగ్గం కార్మికుడూ ఆడగలడు. సూరత్‌లో ఒడియా, మరాఠీ, హిందీ మాట్లాడే కార్మికులకూ ఇదే అవసరం ఉంది. కనుక ఆ క్లబ్ భాషకు కాక వాడకు చెందాలి.

తెలుగు రాష్ట్రాల క్రీడా సంఘాలు చేయగలిగింది మరొకటి ఉంది. లండన్, న్యూయార్క్ జట్లకు కొనాక్ట్ తలుపు తెరిచినట్టు సూరత్, భివండీ, షోలాపుర్ తెలుగు జట్లను ఏడాదికొకసారి తమ పోటీలకు ఆహ్వానించవచ్చు. అధికారిక ఛాంపియన్‌షిప్ నిబంధనలు అడ్డొస్తే ఆహ్వాన టోర్నీగానైనా మొదలుపెట్టవచ్చు. గుజరాత్ తరఫున ఆడే హక్కును పోగొట్టుకోకుండానే తాతల ఊరిలో ఆడే అవకాశం ఆ కుర్రాడికి దక్కుతుంది.

2025 జనవరి 19న ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచకప్ ఫైనళ్లు జరిగాయి. భారత పురుషుల జట్టు నేపాల్‌ను 54-36తో, మహిళల జట్టు నేపాల్‌నే 78-40తో ఓడించాయి. పురుషుల జట్టు సారథి ప్రతీక్ వైకర్ మహారాష్ట్రవాసి, తెలుగు యోధాస్‌కూ నాయకత్వం వహించినవాడు. ఈ విజయాలు గర్వకారణమే. 2030లో అహ్మదాబాద్‌లో ఇలాంటి పతకాలు మరికొన్ని రావచ్చు. అవి వచ్చిన నాడు సూరత్ నేత వాడలో చప్పట్లు కొట్టే చేతులకు కొరత ఉండదు. షిఫ్టు దిగి అక్కడే ఓ గీత గీసుకుని కూత పెట్టే కుర్రాళ్లు ఎందరు మిగిలి ఉంటారన్నదే దేశీయ క్రీడల విధానానికి అసలు పరీక్ష.