బురద కాళ్లను నమ్మొద్దు!

ఉంగుటూరు వైపు మామిడి పూతకొచ్చే రోజుల్లోనే చెరువుల అంచున బురద బయటపడుతుంది. అందులో పిచ్చుకంత పిట్టలు పరుగులు పెడుతుంటాయి. ఫోన్‌లో జూమ్ చేస్తే అన్నీ ఒకేలా ఉంటాయి! వాటిలో లిటిల్ స్టింట్, టెమ్మింక్స్ స్టింట్ అని రెండు రకాలు కలిసిపోతాయి. రెండూ ఉత్తర ధ్రువం వైపు నుంచి వచ్చే చలికాలపు చుట్టాలే.

లిటిల్‌వి నల్ల కాళ్లు, టెమ్మింక్స్‌వి పసుపు పచ్చ కాళ్లు. కానీ బురద అంటితే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. అందుకే నేను ముందు రొమ్ము చూస్తా. మధ్యలో తెల్లగా మెరిస్తే లిటిల్. అడ్డంగా బూడిద గోధుమరంగు పట్టీ ఉంటే టెమ్మింక్స్. తర్వాత నడక. లిటిల్ గుంపుగా హడావుడి పడుతుంది. టెమ్మింక్స్ గడ్డి అంచున ఒకటో రెండో నింపాదిగా మేస్తాయి. ఎగిరేటప్పుడు తోక పక్కలు తెల్లగా కనిపించి, ట్ర్‌ర్‌ర్ అని కూస్తే ఇక అనుమానం అక్కర్లేదు, టెమ్మింక్సే.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. మన కొల్లేరులో ఏ పిట్ట తగ్గుతోందో తెలియాలంటే ఇలాంటి లెక్కలే ఆధారం. తేల్చుకోలేకపోతే 'స్టింట్' అని మాత్రం రాసి వదిలేయండి. ఊహించి పేరు పెడితే లెక్కే తప్పుతుంది.