షుగర్ తగ్గితే సంతోషమేనా?

హనుమాన్ జంక్షన్ నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"మా అత్తయ్యగారికి 62 ఏళ్ళు. రెండు నెలల క్రితం షుగరుందని తేలింది. డాక్టరుగారు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రాశారు. ఆవిడ పొద్దున్నే కాఫీతో మాత్ర వేసేసుకుంటారు. శనివారాలు ఒక్కపొద్దు. వరసగా రెండు శనివారాలు పదకొండు గంటలవేళ వొళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. పక్కింటావిడ పంచదార నీళ్ళు పట్టమంది. మా ఆడపడుచేమో 'షుగరున్న మనిషికి పంచదారేవిటి, చంపుతారా?' అని అడ్డుపడింది. ఇప్పుడు అత్తయ్యగారు అసలు మాత్రలే మానేస్తానంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

సోదరీ, మీ పక్కింటావిడ చెప్పిందే సరైన మాట. షుగర్ వ్యాధి వున్నవారికి షుగర్ పెరగడం ఏళ్ళ తరబడి చేసే హాని అయితే, పడిపోవడం నిమిషాల్లో జరిగే ప్రమాదం. ఆ సమయంలో పంచదారే మందు. మీ ఆడపడుచుగారికి కోపం తెచ్చుకోకుండా నెమ్మదిగా ఈ సంగతి చెప్పండి. ఈ అపోహ చాలా ఇళ్ళల్లో వుంది.

ఎందుకు పడిపోతుంది?

షుగర్ మాత్రలన్నీ ఒక్కలాంటివి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ బాగా పడిపోవడం అరుదు. కానీ గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటివి క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ని బలవంతంగా విడుదల చేయిస్తాయి. మనం తిన్నామా, పస్తున్నామా అన్నది వాటికి పట్టదు. ఈ జాతి మందుల పుట్టుకే అలాంటిది. 1942లో ఫ్రాన్సులోని మాంట్‌పెలియర్‌లో జాన్‌బాన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చి చూస్తే, వాళ్ళ రక్తంలో షుగర్ ప్రమాదకరంగా పడిపోయింది. ఆ దుష్ఫలితాన్నే లూబాటియేర్ అనే శాస్త్రవేత్త పరిశోధించగా షుగర్ మాత్రలకు దారి దొరికింది. అంటే షుగర్‌ని కిందికి లాగడమే వాటి పని. కడుపులో ముద్ద లేకపోతే లాగుతూనే వుంటాయి!

మన ఆడవాళ్ళకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఏడు గంటలకు మాత్ర మింగుతాం. ఆ తర్వాత పిల్లల కేరేజీలు, మగవాళ్ళ టిఫిన్లు, పూజ, అంట్లు. మన పళ్ళెంలోకి పెసరట్టు పడేసరికి పదిన్నర. ఈలోగా కళ్ళు తిరిగితే పొయ్యి ముందరే పడిపోతాం. ఈ జాతి మాత్ర వేసుకునేవారు టిఫిన్ పళ్ళెం ముందు పెట్టుకునే మాత్ర చేతిలోకి తీసుకోవాలి. ఇంట్లో అందరికంటే ముందు తినడం మర్యాద తక్కువేమీ కాదు.

ఎలా గుర్తుపట్టాలి?

చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, చిరాకు, కళ్ళు బైర్లు కమ్మడం ఇవన్నీ గుర్తులే. పెద్దవాళ్ళలో ఒక్కోసారి పొంతన లేని మాటలు, మగత మాత్రమే కనిపిస్తాయి. 'వయసు మీదపడింది, చాదస్తం' అని వదిలెయ్యకండి. రాత్రిపూట పడిపోతే పక్క చెమటతో తడిసిపోవడం, పీడకలలు, పొద్దున్న లేవగానే తలనొప్పి వుంటాయి. బీపీకి అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటివి వాడేవారికి దడ, వణుకు సరిగా తెలియవు. చెమట మాత్రం పడుతుంది.

గ్లూకోమీటరుంటే వెంటనే చూడండి. 70 కంటే తక్కువుంటే షుగర్ తగ్గినట్టే. 54 కంటే దిగితే అది గట్టి ప్రమాదం. మీటరు లేకపోతే దానికోసం పరుగెత్తకండి, ముందు పంచదార ఇవ్వండి.

మరో సంగతి. చాలాకాలం షుగర్ 300 దగ్గర వుండి, మందులతో 120కి వచ్చినవారికి కూడా కొత్తలో ఇలాంటి వణుకే వస్తుంది. వొళ్ళు ఆ ఎక్కువకి అలవాటుపడిపోయింది మరి! అది నిజంగా పడిపోవడం కాదు. కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. ఏది ఏమిటో మీటరు చెబుతుంది.

వెంటనే చెయ్యవలసింది

మనిషికి స్పృహ వుండి, మింగగలిగితే మూడు నాలుగు టీ చెంచాల పంచదార కాసిని నీళ్ళలో కలిపి తాగించండి. గ్లూకోజ్ పొడి అయినా సరే. అరగ్లాసు చెరకురసమో పళ్ళరసమో వున్నా పనికొస్తుంది. పదిహేను నిమిషాలాగి మళ్ళీ షుగర్ చూడండి. 70 దాటకపోతే మళ్ళీ అంతే ఇవ్వండి. కుదుటపడ్డాక రెండిడ్లీలో, పప్పన్నమో పెట్టండి. లేకపోతే మళ్ళీ పడిపోవచ్చు.

అరిసెలు, చాక్లెట్లు ఈ సమయానికి పనికిరావు. వాటిలోని నూనె, కొవ్వు తీపిని త్వరగా రక్తంలోకి చేరనివ్వవు. అలాగే మాత్రల చీటీ మీద వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ వుందేమో చూసుకోండి. అవి వాడేవారికి మామూలు పంచదార త్వరగా పనిచెయ్యదు. గ్లూకోజే ఇవ్వాలి.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకండి సుమా! ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైన సర్వీసు అది. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిందే. ఈ మాత్రల ప్రభావం ఒక రోజంతా వుండి, షుగర్ మళ్ళీ మళ్ళీ దిగవచ్చు. కిడ్నీలు బలహీనంగా వున్నవారికి ఇంకా ఎక్కువసేపు వుంటుంది.

ఒక్కపొద్దుల మాట

ఆంజనేయస్వామి పేరుతోనే వెలసిన ఊళ్ళో వుండి శనివారం మానుకోమంటే అత్తయ్యగారు వింటారా? అలా అనవద్దు. శనివారాలైనా, కార్తీక సోమవారాలైనా, ఉపవాసం సంగతి ముందుగానే డాక్టరుగారికి చెప్పాలి. ఆ రోజుకి మాత్ర తగ్గించాలా, వేళ మార్చాలా, ఈ మందు బదులు మరొకటి ఇవ్వాలా అన్నది ఆయనే చెబుతారు. భోజనం బదులు పళ్ళు, పాలు, ఉప్మా వేళకు తీసుకునే పద్ధతి అందరికీ మేలు. కానీ ఉపవాసం కొనసాగించి, మాత్రా యథాప్రకారం మింగడం మాత్రం వద్దు. ఒకసారి వణుకు వచ్చాక వ్రతభంగమేమోనని ఆలోచించకుండా తీపి నోట్లో వేసుకోవాలని ఆవిడకు నచ్చజెప్పండి.

మాత్రలు సొంతంగా మానడం కూడా తప్పే. పెరిగిన షుగర్ నొప్పి లేకుండానే కళ్ళనూ, కిడ్నీలనూ, కాళ్ళ నరాలనూ తినేస్తుంది. షుగర్ పడిపోయిందంటే మందు చెడ్డదని కాదు, మోతాదో, వేళో, తిండో సరిపడలేదని. కాబట్టి ఒక నోటుపుస్తకంలో మాత్ర వేసుకున్న టైము, తిన్న టైము, ఏం తిన్నారు, మీటరు అంకె, అంతకుముందు ఏం పని చేశారు అన్నవి పదిరోజులపాటు రాసిపెట్టండి. డాక్టరుగారికి అయిదు నిమిషాల్లో విషయం అర్థమవుతుంది.

ఇంట్లో, చేతిసంచిలో

వంటింట్లో అందరికీ తెలిసిన చోట ఒక డబ్బాలో గ్లూకోజ్ పొడి, చెంచా వుంచండి. అత్తయ్యగారి పక్కన రాత్రిపూట మరొక పొట్లం, మంచినీళ్ళు పెట్టండి. నూజివీడు వెళ్ళినా, గుడివాడ వెళ్ళినా, విజయవాడ బస్సెక్కినా చేతిసంచిలో గ్లూకోజ్ పొట్లం, నాలుగు బిస్కట్లు, మందుల పేర్లు రాసిన చీటీ వుండాలి. హైవే మీద బస్సు ఆగిపోతే భోజనం వేళ దాటిపోవడం మనకు తెలియనిదా! పెళ్ళిళ్ళలో కూడా అంతే. వడ్డన మొదలయ్యాకే మాత్ర.

సోదరీ, రెండుసార్లు జరిగిందన్నారు కాబట్టి ఆలస్యం చెయ్యకండి. మూడో శనివారం రాకముందే అత్తయ్యగారిని డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళండి. మీ ఆడపడుచుగారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. పంచదార సంగతి ఆయన నోటే వింటే, ఈసారి డబ్బా తీసుకుని ముందు పరుగెత్తేది ఆవిడే అవుతుంది.