మంచుభూమికి పట్టాదారు ఎవరు?

గుంటూరు మిర్చియార్డులో బస్తా విప్పి కాయ చూడక ధర చెప్పువాడు లేడు. పింజ తీసి చూడక ప్రత్తి కొనువాడును లేడు. కాని అంచులు మాత్రము త్రొక్కి, పటముపై కొలబద్దతో గీతలు గీచి, ఒక ఖండమును పంచుకొన్న రాజ్యములు ఏడు కలవు. బ్రిటను, న్యూజీలాండు, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, నార్వే, చిలీ, అర్జెంటీనా అను నవి యా యేడు. ఆ ఖండము అంటార్కిటికా.

అది మడిచెక్క కాదు. దాని వైశాల్యము సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన దేశమువంటివి నాలుగు అందులో ఇముడును. నూటికి 98 పాళ్ల నేలను మంచు కప్పియున్నది. ఆ మంచు దళసరి సగటున 2 కిలోమీటర్లకు సమీపము. లోకమందలి మంచినీటిలో సుమారు 70 పాళ్లు అక్కడ గడ్డకట్టి యున్నది. 1983 జూలై 21న వోస్టోక్ కేంద్రమున శీతలము సున్నకు దిగువ 89.2 డిగ్రీలకు చేరెను. రెంటచింతల ఎండ నెరిగిన మనకు ఆ చలి ఊహకందదు. అక్కడ పుట్టి పెరిగిన జాతి లేదు, దున్నిన రైతు లేడు, శిస్తు కట్టినవాడు లేడు. మరి ఏ అడంగలులో ఎవరి పేరు వ్రాయవలెను?

వ్రాసికొన్న తీరు చూడుడు. 1908లో బ్రిటిషు రాజు ఒక శాసనపత్రముతో తన వాటా ప్రకటించెను. 1933లో లండనునుండి వెలువడిన మరియొక ఉత్తరువుతో ఖండములో నూటికి 40 పాళ్లకు మించిన భాగము ఆస్ట్రేలియా పేర నమోదయ్యెను. 1939 జనవరిలో నార్వే తన దావా ప్రకటించుచుండగనే, జర్మనీవారు అదే సీమపై విమానములనుండి స్వస్తిక చిహ్నము గల లోహపు మేకులను జారవిడిచిరి. అర్జెంటీనావారు నిండుచూలాలిని అక్కడికి చేర్చిరి. 1978లో ఆమెకు పుట్టిన శిశువును తమ హక్కునకు సాక్షిగా చూపిరి. మేకు దిగిన చోటెల్ల పొలమగునా? పురుడు జరిగిన చోటెల్ల జాగీరగునా?

అన్వేషకులను మేము తక్కువచేయుట లేదు. 1911 డిసెంబరు 14న ఆముండ్సెన్ దక్షిణధ్రువమును చేరెను. 1912 జనవరి 17న స్కాటును, ఆతని నలువురు సహచరులును చేరిరి. తిరుగుదారిలో ఆ యైదుగురును ప్రాణములు విడిచిరి. వారి సాహసమునకు నమస్కారము. కాని సాహసము వేరు, స్వామ్యము వేరు. ఒకడు కొండ యెక్కినంతమాత్రాన వాని రాజునకు ఆ కొండ దఖలుపడదు.

ఈ మాట చెప్పుటకు గుంటూరు మండలమునకు అధికారము కలదు. కాగితముమీది గీత ఎట్టిదో పల్నాడు ఎరుగును. తరతరములుగా పశువులను మేపుకొన్న అడవికి సర్కారు హద్దులు పెట్టి, పుల్లరి కట్టుమన్నది. కట్టనన్నవాడు నేరస్థుడయ్యెను. 1922లో మించాలపాడువద్ద కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. దూరమున కూర్చున్నవాడు గీచిన గీత న్యాయమగునని ఈ సీమవారితో ఎవరును ఒప్పింపలేరు.

పూర్వబాంధవ్యమే పట్టా యందురా? అట్లయిన మా పత్రమును చూపుదుము. సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందటివరకు మన తూర్పుతీరము అంటార్కిటికాతో అంటియుండెను. కృష్ణాగోదావరీ ముఖములున్న తీరమునకు ఎదుట నుండినది నేటి ఎండర్బీ సీమయని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ సీమకు లండనులోని ఒక తిమింగిలవేట వర్తకుల పేరు పెట్టిరి. ఆ సీమ పేరుతో ఎండర్బైటు అను శిల కలదు. ఆ శిల మన తూర్పుకనుమలలోను దొరకును. గోదావరికి దక్షిణముననున్న ఈ కనుమల ప్రాచీన శిలాభాగమునకు శాస్త్రజ్ఞులు ఒంగోలు పేరే పెట్టిరి. లోకులకు ఒంగోలు అనగా ఎద్దు. వారికి ఒంగోలు అనగా రాయి. అంటార్కిటికా, ఇండియా, ఆఫ్రికా మున్నగునవి కలిసియున్న మహాఖండమునకు గోండ్వానా అని పేరు. అది ఆదిలాబాదు అడవులలో నేటికిని నివసించు గోండుల పేరు. ఇంటిపేరు మనది, గదుల పేర్లు మాత్రము రాణులవి, రాకుమార్తెలవి!

అయినను మేము పట్టా అడుగము. మనమును జెండా నాటి మన వాటా మనము గీచికొనవలెనను దేశాభిమానులు కొందరు కలరు. అది దేశాభిమానము కాదు, దొరల అనుకరణము. 1956లోను 1958లోను ఈ ఖండపు ప్రశ్నను ఐక్యరాజ్యసమితి ముందుంచ యత్నించినది భారతదేశమే. అది శాంతికిని, సర్వజనుల మేలునకును మాత్రమే వినియోగపడవలెనని మన వాదము. దావాదారులు అడ్డుపడిరి. 1959లో 12 రాజ్యములు ఒడంబడిక వ్రాసికొన్నప్పుడు మనలను పిలువలేదు. ఆ ఒడంబడిక పాత దావాలను ఒప్పుకొనలేదు, కొట్టివేయలేదు, క్రొత్తవాటిని నిషేధించినది. 1982 జనవరిలో డాక్టరు ఖాసిం నాయకత్వమున 21 మంది భారతీయులు ఆ మంచుపై అడుగుపెట్టిరి. 1983లో మనకు ఆ సభలో నిర్ణయాధికారము లభించెను. మన మైత్రి కేంద్రము నార్వే తనదను రాణీ మాడ్ సీమలో నున్నది. 2012లో వెలసిన భారతి కేంద్రము ఆస్ట్రేలియా తనదను ప్రిన్సెస్ ఎలిజబెత్ సీమలో నున్నది. ఎవరి అనుమతియు అడుగక పనిచేయుచున్నాము. దావాలకు ఇంతకంటె గట్టి జవాబు వేరొకటి లేదు.

అసలు పరీక్ష ముందున్నది. అక్కడ గనులు త్రవ్వరాదని 1991లో మాడ్రిడ్ నగరమున కుదిరిన ఒప్పందము 1998లో అమలునకు వచ్చెను. 2048లో అది దానంతట అది రద్దగునను మాట అబద్ధము. కాని అప్పటినుండి నిర్ణయాధికారము గల 29 రాజ్యములలో ఏ ఒక్కటి కోరినను పునఃపరిశీలన సభ జరుపవలెను. లోభమునకు అది తలుపుసందు. భూమి కడుపు చీల్చిన చోటు ఎట్లుండునో తెలియగోరువారు చీమకుర్తి నల్లరాతి క్వారీల అంచున నిలిచి క్రిందికి చూడవచ్చును. 2022 నాటి మన చట్టము అక్కడ గనులను నిషేధించినది. ఆ మాట 2048లోను నిలువవలెను.

మనకేల ఈ మంచుగొడవ యను వర్తకులకు ఒక్క మాట. చెంబులోని నీటిపై తేలు మంచుముక్క కరిగినను నీరు పొంగదు. వెలుపలి ముక్కను తెచ్చి వేసిన పొంగును. అంటార్కిటికా మంచులో అధికభాగము నేలపై నున్నది. అదంతయు సముద్రము పాలైనచో నీటిమట్టము సుమారు 58 మీటర్లు లేచును. అది రేపు జరుగునని మేము భయపెట్టుట లేదు. కాని అందులో నూరవవంతు చాలును, నిజాంపట్నమున, సూర్యలంకలో, వాడరేవున, కొత్తపట్నమున బావులు ఉప్పుబారి చేలు చవిటిపట్టుటకు. పటముపై గీతలు గీచినవాడు అప్పుడు పరిహార మియ్యడు.

హైదరాబాదులోని సంస్థలు ఈ ఖండమును గూర్చి దశాబ్దములుగా పనిచేయుచున్నవి. భారతి కేంద్రమున ఉపగ్రహ సమాచారము నందుకొను కేంద్రమును నెలకొల్పినది అక్కడి జాతీయ దూరసంవేదన సంస్థయే. ఆ విద్య తెలుగులోనికి దిగవలెను. మన పాఠశాలలలో ఆముండ్సెన్ కథ చెప్పు నోటనే ఒంగోలు రాతి కథయు చెప్పవలెను. ప్రతి పఠనమందిరమున ఆ ఖండపు పటము వ్రేలాడవలెను, దావాల గీతలు లేకుండ. ఓటడుగ వచ్చిన పార్లమెంటు అభ్యర్థిని, 2048లో మన దేశము ఏమి చెప్పునని అడుగుడు. మంచుభూమికి పట్టాదారు లేడు, ఉండరాదు. ఈ మాట నేటి బడిపిల్లలకు నేర్పితిమేని, ఆనాడు సభలో కూర్చుండువారు వారే గదా!