నల్గొండ నుంచి బందర్ దాకా

బందర్ అంటే ఫార్సీలో రేవు. మచిలీపట్నాన్ని ఇప్పటికీ బందరనే పిలుస్తాం. కుతుబ్‌షాహీల జమానాలో గోల్కొండకు సముందర్ వైపు దర్వాజా అదే. కలంకారీ బట్టల తిజారత్, హజ్ ముసాఫిర్ల జహాజులు అక్కడినుంచే సాగేవి. 1759లో సలాబత్ జంగ్ దాన్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. దర్వాజా పోయింది.

ఇప్పుడు మన హుకూమత్ ఫ్యూచర్ సిటీ నుంచి బందర్‌కు కొత్త హైవే, ఇటువైపు డ్రైపోర్టు అంటోంది. నేను ఖిలాఫ్ కాదు. సముందర్ లేని ఇలాఖాకు డ్రైపోర్టు పెద్ద సహారా. కస్టమ్స్ తనిఖీ ఇక్కడే అయిపోతుంది, సీలు వేసిన కంటైనర్ నేరుగా ఓడ ఎక్కుతుంది. మిర్యాలగూడ రైసు మిల్లర్లను అడగండి, కిరాయిల సంగతి చెప్తారు. 2025లో తెలంగాణ బియ్యం ఫిలిప్పీన్స్‌కు పోయింది కూడా కాకినాడ రేవు నుంచే.

నా షికాయత్ రోడ్డు మీద. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా గుంటూరుకు పట్టాలున్నాయి. ఆ లైను డబ్లింగుకు 2023లో కేంద్రం మంజూరీ ఇచ్చింది. ఒక్క గూడ్సు బండి సరుకుకు ఎన్ని లారీలు కావాలో, ఎంత డీజిల్ తగలబడాలో మీరే హిసాబ్ వేయండి. అయినా హైవే ముచ్చటే ముందు వినిపిస్తోంది. దానికి జమీన్ పోయేది చిన్న రైతుది.

ఇంకో మాట. పాలమూరు లేబర్ దేశమంతా డ్యాములు కట్టింది, సొంత పొలానికి నీళ్లు లేక. డ్రైపోర్టులోనూ మన పిల్లలు హమాలీ, క్లీనర్ నౌకరీల దగ్గరే ఆగిపోవద్దు. కస్టమ్స్ కాగితాలు, క్రేను, గోదాము కంప్యూటర్ తాలీం నల్గొండ, మహబూబ్‌నగర్ ఐటీఐల్లో ఇప్పుడే మొదలు కావాలి. జమీన్ సర్వేకు ముందే ఆ సీట్లెన్నో మన ఎమ్మెల్యేలను అడుగుదాం.