మెరుపు కోసం చెరుపు

పాత వస్తువును ‘కొత్తదానిలా’ చేయించడమనే జాడ్యం తెలుగునాట ప్రబలింది. దానికి నేను బద్ధ వ్యతిరేకిని. ఎందుకో చెప్పడానికి ఒక తుపాకి కథ ఎత్తుకుంటాను.

చిలకలూరిపేట దగ్గర మా పల్లె. పత్తి, మిరప తప్ప వేరే లోకం తెలియని నల్లరేగడి నేల. మా తాతయ్యకు లైసెన్సు ఉన్న ఒంటిగొట్టం తుపాకి ఉండేది. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో రాత్రి కాపలాకు దాన్ని మంచం పక్కన పెట్టుకునేవాడు. మనిషి మీదికి గాని, పిట్ట మీదికి గాని దాన్ని పేల్చగా నేను వినలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించమంటారు కదా! అప్పగించి తిరిగి తెచ్చుకున్న ప్రతిసారీ ఆయన తుపాకి మడమ అడుగున చాకుతో ఒక గాటు పెట్టేవాడు. అట్లా పదకొండు గాట్లు. చివరిది 2004 నాటిది. వేటగాడు చంపిన జంతువులను లెక్కపెట్టుకుంటాడు. మా తాతయ్య తన తుపాకి పేలకుండా గడిచిన ఎన్నికలను లెక్కపెట్టుకున్నాడు. కక్షలతో ఊళ్లు రెండుగా చీలిన ప్రాంతంలో అది చిన్న లెక్క కాదు.

తాతయ్య తదనంతరం లైసెన్సు మా బాబాయి పేరికి మారింది. ఆయన కొయ్యను మాత్రం విప్పి, పట్నంలో మంచాలకు పాలిష్ పెట్టే పనివాడికి ఇచ్చాడు. గరుకు కాగితంతో అరగదీసి, లప్పం పెట్టి, వార్నిష్ పూసి పంపాడతను. గాట్లు లేవు. తాతయ్య దవడ ఆని ఆని నల్లబడిన మచ్చ లేదు. “చూడరా, కొత్తదానిలా లేదూ!” అన్నాడు బాబాయి. కొత్తదానిలాగే ఉంది. నా బాధంతా అదే.

“అయితే మురికిపట్టిన కొయ్యను అట్లాగే వదిలెయ్యమంటావా?” అని అడిగేవారుంటారు. వదలమనను. శుభ్రం చేయడం వేరు, చెక్కిపారేయడం వేరు. కొయ్య మీద పేరుకున్నది చెమట, ధూళి, పాత నూనె. టర్పెంటైన్‌లో తడిపిన మెత్తని గుడ్డతో ఓపికగా తుడిస్తే మురికి దిగుతుంది, కొయ్య అరగదు. లోపలికి ఇంకిన నూనెను సుద్దపొడి ముద్దతో పట్టువేసి చాలావరకు లాగవచ్చు. సొట్టపడిన చోట తడిగుడ్డ పరచి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, నలిగిన నార ఆవిరికి ఉబ్బి పైకి లేస్తుంది. తెగిన నార మాత్రం లేవదు. అంటే, ఈ పద్ధతిలో ప్రమాదవశాత్తు పడిన సొట్ట పోతుంది, మనిషి కావాలని పెట్టిన గాటు నిలుస్తుంది. ఇంతకన్న న్యాయమైన పద్ధతి ఏముంటుంది? పిమ్మట అవిసె నూనెను పలుచగా అరచేత్తో రుద్ది, మిగులు తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ రుద్దాలి. ఇది వారాల తరబడి సాగే పని. పూటలో ముగించాలనుకునేవాడే గరుకు కాగితం పట్టుకుంటాడు.

పత్తినేల వారికి ఒక హెచ్చరిక కూడా. అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని ఆరుతుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే అంటుకోగలవు. విడదీసి ఆరుబయట పరచండి, లేదా నీళ్లలో ముంచండి.

అందం కోసమే అనుకున్నా ఈ అరగదీత తెలివితక్కువ పనే. ఇనుమూ కొయ్యా కలిసేచోట అరగదీస్తే సందు పడుతుంది. పేలినప్పటి వెనుతన్ను సమంగా ఆనక కొయ్య చీలుతుంది.

చిత్రమేమంటే, తుపాకి మీది గుర్తింపు సంఖ్యను చెరపడం 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం నేరం. కొయ్య మీది మనిషి గుర్తును చెరిపితే మాత్రం మెచ్చుకుని మజూరీ ఇస్తాం!

ఇది ఒక్క తుపాకి గొడవ కాదు. మన అమరావతిలో 18వ శతాబ్దం చివర కొత్త పట్నం లేచేటప్పుడు పాత స్తూపపు దిబ్బను తవ్వి, ఆ రాళ్లను కట్టడాలకు వాడుకున్నారు. 1797లో కాలిన్ మెకంజీ చూడవచ్చేసరికే ఆ పని మొదలైంది. తరువాత దొరికిన శిల్పాల్లో ఎన్నింటినో చూడాలంటే ఇవాళ చెన్నైకో, లండన్‌కో పోవాలి. నేడు పల్లెపల్లెనా గుడి స్తంభాలకు ఎనామిల్ రంగులు పూసేవారి బుద్ధీ అదే. ఎవరికీ దురుద్దేశం లేదు. బాబాయికీ లేదు. ప్రేమతోనే చెరిపాడు. అందుకే కోపం తెచ్చుకోవడం కూడా కష్టమవుతున్నది.

నేను కోరేది స్వల్పం. ఇంట్లో ఏ పాత వస్తువునైనా పనివాడి చేతికిచ్చే ముందు దాని నలుమూలలా ఫొటోలు తీయండి. ఇంటి పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏ గుర్తు ఏమిటో అడగండి. వాళ్లు చెప్పాక కూడా అరగదీయాలనిపిస్తే, అప్పుడు మీ ఇష్టం.

మా తుపాకికి ఇప్పుడు గాట్లు లేవు. పదకొండు అన్న అంకె మాత్రం నాకు గుర్తుంది. అదీ పోకముందే ఇక్కడ రాసిపెడుతున్నాను.