ల్యాబ్ ఉద్యోగుల క్యాన్సర్: మేము అడగని ప్రశ్న

మలమూత్రాలలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టుకోవడానికి మా విద్యార్థి దశలో బెంజిడిన్ పరీక్ష చేయించేవారు. కత్తి మొన మీద నిలిచేంత పొడిని గ్లేసియల్ అసిటిక్ ఆమ్లంలో కరిగించి, పరీక్షించవలసిన ద్రవాన్నీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ చేర్చితే, రక్తం ఉన్నట్లయితే నీలిరంగు వచ్చేది. చేతులకు తొడుగులుండేవి కావు. బల్ల మీద రాలిన పొడిని అరచేత్తోనే తుడిచేవాళ్ళం.

బెంజిడిన్ మూత్రాశయ క్యాన్సర్‌కు కారకమన్న సంగతి అప్పటికే తెలుసు. రంగుల పరిశ్రమ కార్మికులలో ఈ వ్యాధిని జర్మనీకి చెందిన శస్త్రవైద్యుడు లుడ్విగ్ రెన్ 1895లోనే గుర్తించాడు. బ్రిటన్ 1967లో దాని వాడకాన్ని చట్టరీత్యా నిషేధించింది. మా బల్ల మీది సీసాకు మాత్రం ఆ కబురు అందలేదు.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఈ పరీక్షను ఏళ్ళ తరబడి చేసిన టెక్నీషియన్ ఒకాయన, పదవీ విరమణ తరువాత నా దగ్గరకు వచ్చారు. "నొప్పేమీ లేదు డాక్టరుగారూ, మూత్రం మాత్రం ఎర్రగా వస్తోంది" అన్నారు. మూత్రాశయంలో కణితి బయటపడింది. ఆయనకు బీడీ అలవాటుంది. పొగాకు కూడా ఈ క్యాన్సర్‌కు ముఖ్య కారణమే. కనుక ఆయన జబ్బుకు ఏది మూలమో తేల్చి చెప్పలేను. నన్ను నేటికీ బాధించే విషయం వేరు. కేసు షీటులో బీడీల సంగతి వివరంగా రాశాను. వృత్తి దగ్గర "రిటైర్డ్ ఉద్యోగి" అని రాసి ఊరుకున్నాను. రోగిని వృత్తి ఏమిటని అడగాలని ఇటలీ వైద్యుడు రామజీని 1700లోనే చెప్పాడు. ఆ పాఠం చదివి కూడా, ఎదుటి గదిలో పనిచేసిన మనిషినే నేను అడగలేదు.

బెంజిడిన్ కాలం దాదాపు గడిచిపోయింది. ఫార్మలిన్ కాలం గడవలేదు. బయాప్సీ ముక్కలు నిలవ చేయడానికి, అనాటమీ విభాగంలో శవాలు చెడిపోకుండా ఉంచడానికి అదే ఆధారం. అందులోని ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మానవులకు క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. ముక్కు వెనుక భాగంలో వచ్చే క్యాన్సర్‌తోనూ, ఆ తరువాతి సమీక్షలో ఒక రకపు రక్త క్యాన్సర్‌తోనూ దానికి సంబంధం ఉన్నదని తేల్చింది. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మొదటిది చాలా అరుదైన వ్యాధి. ఒకనాడు ఆ వాసన పీల్చిన రోగికో, వైద్య విద్యార్థికో దిగులు అక్కరలేదు. రోజూ, ఏళ్ళ తరబడి, ముఖం వంచి ఆ పాత్రల మీద పనిచేసేవారి సంగతే నేను చెబుతున్నది.

వారికి మనం ఇచ్చే రక్షణ ఏమిటి? పలుచటి సర్జికల్ మాస్కు. అది తుంపరలను ఆపుతుంది గాని వాయువును ఆపదు. "అలవాటైపోయింది, ఇప్పుడు వాసనే తెలియడం లేదండీ" అంటారు కొందరు. ముక్కు మొద్దుబారిందే గాని వాయువు తగ్గలేదు! సాయంత్రం బెల్లం ముక్క తింటే విరుగుడన్న నమ్మకం మరికొందరిది. బెల్లం రుచిగా ఉంటుంది, అంతే. కావలసింది ఆవిరిని ముఖం వరకు రానీయకుండా లాగివేసే బల్ల, బిగుతైన మూతలు, గాలిలో మోతాదును కొలిచే ఏర్పాటు. కోట్ల రూపాయల స్కానర్లు కొనే యాజమాన్యాలు, ఆ బల్ల దగ్గరకు వచ్చేసరికి నిధులు లేవనడం నాకు సమ్మతం కాదు.

రసాయనం తాకిన నాటికీ క్యాన్సర్ కనిపించే నాటికీ మధ్య ఇరవై, ముప్ఫై ఏళ్ళు గడవవచ్చు. అప్పటికి ఉద్యోగి ఇంట్లో ఉంటాడు, రిజిస్టరు చెదలు తిని ఉంటుంది. కనుక ఎవరు ఏ రసాయనంతో ఎన్నేళ్ళు పనిచేశారో సర్వీసు రికార్డులో నమోదు కావాలి. హైదరాబాదు ఔషధ సంస్థల ప్రయోగశాలల్లో చేరుతున్న ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. బెంజీన్ రక్త క్యాన్సర్‌ను తెస్తుందని పుస్తకంలో చదివినవారే వారు.

మీరు గాని, మీ ఇంట్లోవారు గాని ఇటువంటి పనిలో ఉంటే, వాడిన రసాయనాల పేర్లు, ఏళ్ళు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మూత్రంలో నొప్పి లేకుండా రక్తం ఒక్కసారి కనిపించి ఆగిపోయినా యూరాలజిస్టును కలవండి. ఆయన అడగకపోయినా ఆ పుస్తకాన్ని ఆయన ముందు పెట్టండి.