ఊరికే తిరుగుతున్నామా?

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా బావగారు, "గీ ఫ్రీ బస్సు ఒచ్చినంక ఆడోళ్ళు ఇంట్ల ఉంటలేరు" అన్నారు. అందరూ నవ్వారు. పప్పు వడ్డిస్తూ నేనూ నవ్వాను. రాత్రి గిన్నెలు సర్దుకుంటుంటే నా నవ్వే నాకు గుచ్చుకుంది.

నిజంగా నేనెక్కడ తిరుగుతున్నానా అని లెక్క వేసుకున్నాను. మేముండేది హన్మకొండలో, కాకతీయ యూనివర్సిటీ క్రాస్ రోడ్డు దగ్గర. అమ్మ కాజీపేటలో ఒక్కతే ఉంటుంది. వారానికి రెండుసార్లు అమ్మ దగ్గరికి, నెలకోసారి ఆమెను తీసుకుని వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి. అంతే.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలవక ముందు అమ్మను నెలకోసారి చూస్తే గొప్ప. రానూపోనూ ఛార్జీ మరీ పెద్ద మొత్తమేం కాదు. మా ఆయన ఎప్పుడూ లేదనలేదు. కానీ అడగాలి కదా. అడిగితే "మొన్ననే వెళ్ళొచ్చావుగా" అనే మాట వస్తుంది. ఆ మాటకు జంకి "వచ్చే వారం వస్తాలే అమ్మా" అని ఎన్నిసార్లు అన్నానో! ఇప్పుడు పర్సులో ఆధార్ కార్డుంటే చాలు, పల్లెవెలుగైనా ఎక్స్‌ప్రెస్సైనా ఎక్కేస్తాను.

రద్దీ పెరిగిన మాట నిజమే. పొద్దున పూట కాలు పెట్టే చోటుండదు. డబ్బిచ్చి టికెట్ కొన్న మగవాళ్ళు నిలబడాల్సి వస్తే విసుక్కోవడంలో తప్పు లేదు. కానీ ఈ జనమంతా ఎక్కడి నుంచి వచ్చారు? వీళ్ళలో చాలామంది ఇన్నాళ్ళూ ఇంట్లో ఆగిపోయిన వాళ్ళే. మొన్న నా పక్కన కూర్చున్న పీజీ అమ్మాయి, "రూమ్ అద్దె కట్టలేమన్నారు ఆంటీ, రోజూ ఊరి నుంచే వస్తున్నా" అంది. రద్దీకి మందు బస్సులు పెంచడం, ఆడవాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. ముఖ్యంగా సాయంత్రాలు పెంచాలి. ఇంకో గంట లైబ్రరీలో కూర్చుంటే బస్సు దొరుకుతుందో లేదోనని ఆ పిల్ల పుస్తకం మూసేయకూడదు.

మనం చేయాల్సిన పనీ ఒకటుంది. "డబ్బులే ఇవ్వనప్పుడు టికెట్టెందుకు" అని కొందరం జీరో టికెట్ తీసుకోం. దాని మీద సున్నా ఉన్నా విలువ సున్నా కాదు. ఆ టికెట్ల లెక్క మీదే మన ప్రయాణాల డబ్బు ప్రభుత్వం నుంచి ఆర్టీసీకి రావాలి. మనం ఎక్కినట్టు రుజువు కూడా అదే. అడిగి మరీ తీసుకోండి.

వచ్చే ఆదివారం బావగారు మళ్ళీ ఆ మాటంటే మాత్రం నవ్వను. "అవును బావగారూ, ఇంట్లో ఉండట్లేదు. మా అమ్మను చూడ్డానికి వెళ్తున్నా" అంటాను. పప్పు వడ్డిస్తూనే లెండి!